పైవంతెన దిగాక రాజీవ్ రహదారి సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

సికింద్రాబాద్ ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ రింగు రోడ్డు (ఓఆర్ఆర్) దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న అల్వాల్‌లో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి రాజీవ్ రహదారి గురించి వచ్చే వార్తలన్నీ ఆ 18.10 కిలోమీటర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. రక్షణ శాఖ భూములు, 11.12 కిలోమీటర్ల వంతెన, హకీంపేట వైమానిక స్థావరం దగ్గర భూగర్భ మార్గం, 2,232 కోట్ల అంచనా. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ వాసులు ఏళ్ల తరబడి పడుతున్న అవస్థకు అది కావలసిన పనే, కాదనం. కానీ ఆరు వరుసల మీద ఆగకుండా వచ్చిన బండ్లన్నీ ఓఆర్ఆర్ జంక్షన్ దగ్గర నేలకు దిగి నాలుగు వరుసల్లో పడతాయి. అక్కడి నుంచి శామీర్‌పేట, అలియాబాద్, మజీద్‌పూర్, తుర్కపల్లి, ఒంటిమామిడి, ములుగు ఊళ్ల నడుమ నుంచే పోవాలి. వంతెన పూర్తయ్యేలోపే ఈ ముక్కను సిద్ధం చేయాలన్నదే ఈ ఉత్తరంలో మేం చెప్పదలచుకున్నది. ఇందుకు వేల కోట్లు అక్కర్లేదు. కావలసింది సర్వీసు రోడ్లు, సరైన యూటర్న్‌లు, మనుషులు దాటే చోట్లు, నీళ్లు పోయే దారి.

రాష్ట్ర రహదారి నంబరు 1 అయిన ఈ రోడ్డు హైదరాబాద్‌ను సిద్దిపేట, కరీంనగర్, రామగుండంతో కలుపుతుంది. నాలుగు వరుసలు చేసినప్పుడు లెక్కలోకి తీసుకున్నది దూరం పోయే లారీలు, ఎక్స్‌ప్రెస్ బస్సులు. కాలక్రమంలో శామీర్‌పేట పక్కన నల్సార్, బిట్స్ వంటి విద్యాసంస్థలు పెరిగాయి. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ మందులు, టీకాల కంపెనీలు విస్తరించాయి. ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల వచ్చాయి. వీటి మధ్య ఖాళీలను వెంచర్లు, ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు నింపుతున్నాయి. దాంతో గంటకు 80 కిలోమీటర్లతో పోయే కరీంనగర్ బస్సూ, పాల ప్యాకెట్ కోసం అవతలి వైపుకు పోయే స్కూటరూ ఒకే తారు మీద నడుస్తున్నాయి. ఇక్కడ జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ కలగలుపే. డ్రైవర్ల నిర్లక్ష్యం అని రాసి ఫైలు మూసేస్తే ఆ మూలం అలాగే ఉండిపోతుంది.

మనిషి రోడ్డు దాటడం సంగతి చూద్దాం. ఒక వైపు రెండు లేన్లు కలిపి 7 మీటర్లు, పక్కా బెర్ము, అంటే రోడ్డు అంచు పట్టీ, మరో మీటరున్నర. ఎనిమిదిన్నర మీటర్లు దాటడానికి మామూలు నడకకు, అంటే సెకనుకు 1.2 మీటర్ల లెక్కన, ఏడు సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల బండి ఆ ఏడు సెకన్లలో 155 మీటర్లు దాటేస్తుంది. అంటే రెండు లేన్లలోనూ ఒకేసారి 155 మీటర్ల మేర బండి లేని సందు దొరికితేనే మనిషి క్షేమంగా డివైడర్ చేరతాడు. షిఫ్టు మారే వేళ తుర్కపల్లి దగ్గర అంత సందు ఎక్కడ దొరుకుతుంది? బ్యాగు మోసే పిల్లాడికో, మోకాళ్ల నొప్పుల పెద్దావిడకో ఏడు సెకన్లు కూడా చాలవు. అదే వేగం 50కి తగ్గితే కావలసిన సందు 100 మీటర్లకు దిగుతుంది. ఇక డ్రైవరు చూసి బ్రేకు వేసి పూర్తిగా ఆగడానికి కావలసిన దూరం 80 మీద 120 మీటర్లయితే 50 మీద 60 మీటర్లే. ఊరి హద్దు నుంచి హద్దు దాకా వేగం 50కి దించాలని అడిగేది ఈ లెక్క వల్లే.

బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. రోడ్డు అంతే వెడల్పుగా, అంతే తిన్నగా కనబడుతుంటే కాలు యాక్సిలరేటర్ మీది నుంచి లేవదు. ఊరికి 200 మీటర్ల ముందే రెండు పక్కలా పెద్ద బోర్డులు ఉండాలి. ఆ తర్వాత థర్మోప్లాస్టిక్ అడ్డగీతలు రావాలి. గీతల మధ్య దూరం ఊరు దగ్గరయ్యేకొద్దీ తగ్గుతూ పోవాలి. అక్కడి నుంచే వీధి దీపాలు మొదలవ్వాలి. చీకట్లోంచి వెలుతురులోకి రాగానే ఇది ఊరు అని డ్రైవరుకు చెప్పకుండానే తెలుస్తుంది.

దాటే చోట డివైడర్‌లో రెండు మీటర్లకు తగ్గని నిలిచే స్థలం ఉండాలి. దానికి రెండు పక్కలా రెయిలింగ్ కట్టి, మనిషి తిన్నగా అవతలికి దూకకుండా, ఎదురుగా వచ్చే బండ్లకు ముఖం పెట్టి కొన్ని అడుగులు నడిచాకే రెండో సగం దాటేలా దారి మళ్లించాలి. బటన్ నొక్కితే ఎర్రలైటు పడే సిగ్నల్ అక్కడ పెడితే ఇంకా మంచిది. ఫుట్ ఓవర్‌బ్రిడ్జి అడగడం మన నాయకులకు అలవాటు. లారీ కింద నుంచి పోవాలంటే అయిదున్నర మీటర్ల ఎత్తు వదలాలి, దూలం మందం కలిపితే మెట్లు నలభైకి పైనే అవుతాయి. లిఫ్టు నడవకపోతే ఆ వంతెన ఎవరూ ఎక్కరు, కింద రెయిలింగ్ వంచి దాటుతారు. ఊళ్లలో నేల మీద దాటే ఏర్పాటే పని చేస్తుందని మా గట్టి అభిప్రాయం.

ఇక రాంగ్ రూట్. ఈ రోడ్డు మీద రాత్రిపూట అందరూ భయపడేది దీనికే. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉంటే రానూ పోనూ రెండు కిలోమీటర్లు. ఇంటి ఎదుటి కిరాణా కొట్టుకు అంత దూరం ఎవరు తిరుగుతారు? బెర్ము మీద ఎదురు వస్తారు. అటు నుంచి 80, ఇటు నుంచి 40. రెండు బండ్లూ ఒకదాని వైపు ఒకటి సెకనుకు 33 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. చలానాలు రాస్తే రెండు రోజులు తగ్గుతుంది, మళ్లీ మామూలే. కొందరు రాత్రికి రాత్రి డివైడర్ రాళ్లు తీసి సొంత కటింగ్ పెట్టుకుంటున్నారు. దాన్ని మూసేస్తే పక్కన ఇంకోటి పడుతుంది. తిరిగే అవసరం అలాగే ఉన్నంత కాలం ఇది ఆగదు.

ఉన్న యూటర్న్‌లూ సరిగ్గా లేవు. పన్నెండు మీటర్ల బస్సు ఒక్క విడతలో తిరగాలంటే దాదాపు 24 మీటర్ల వెడల్పు కావాలి. డివైడర్ నాలుగున్నర మీటర్లు ఉన్న చోట లెక్క వేస్తే, తన లేను మూడున్నర, డివైడర్ నాలుగున్నర, అవతలి రెండు లేన్లు ఏడు, బెర్ము ఒకటిన్నర, మొత్తం కలిపినా పదహారున్నరే. తక్కువ పడిన ఏడున్నర మీటర్ల కోసం బస్సు గానీ పెద్ద లారీ గానీ మట్టిలోకి దిగాలి, లేదా రెండు లేన్లకూ అడ్డంగా నిలిచి వెనక్కి తీసి మళ్లీ తిరగాలి. పొగమంచు వేళ ఆ అడ్డం నిలిచిన లారీ పక్కభాగానికి లైట్లు ఉండవు. అందుకే పెద్ద బండ్లు తిరిగే యూటర్న్ దగ్గర అవతలి వైపు ఎనిమిది మీటర్ల మేర అదనంగా పక్కా తారు వేసి పొట్టలా వెడల్పు చేయాలి. ఇవతలి వైపు, తిరగబోయే బండి ఆగడానికి డివైడర్‌ను కోసి ప్రత్యేక లేను ఇవ్వాలి. 80 మీద వస్తున్న కారు ఇబ్బంది లేకుండా నెమ్మదించి ఆగడానికి దాదాపు 120 మీటర్లు పడుతుంది, నాలుగైదు బండ్లు నిలవడానికి ఇంకో 30. ఈ 150 మీటర్లు ఇవ్వకపోతే తిరిగే బండి కుడి లేనులోనే ఆగుతుంది. అది అందరూ వేగంగా పోయే లేను. వెనక నుంచి గుద్దుకోవడాలు అక్కడే.

వీటన్నిటికీ అసలు మందు సర్వీసు రోడ్డు. ఉన్న కొద్దిపాటి సర్వీసు రోడ్లు ఎందుకు పని చేయడం లేదో చూడండి. ప్రతి కల్వర్టు దగ్గరా అవి ఆగిపోతాయి. ప్రధాన రోడ్డు కల్వర్టును పక్కకు పొడిగించలేదు కాబట్టి సర్వీసు రోడ్డు మీద వచ్చిన బండి అక్కడ రహదారి ఎక్కి, కల్వర్టు దాటి, మళ్లీ దిగాలి. స్కూటర్ మీద పోయేవాళ్లు రెండుసార్లు ఎక్కిదిగి, మూడోసారి రహదారి మీదే ఉండిపోతారు. వాడని సర్వీసు రోడ్డు లారీల పార్కింగ్ అవుతుంది, మెకానిక్ షెడ్డు అవుతుంది, చివరికి ఇసుక కుప్పలకు నెలవవుతుంది. కాబట్టి ముందు కల్వర్టులు పొడిగించాలి, తర్వాతే తారు పని. ఒక దిశలో నడిపితే వెడల్పు అయిదున్నర మీటర్లు చాలు. ఊళ్ల దగ్గర రెండు దిశలూ అనుమతించి ఏడు మీటర్లు ఇవ్వడమే మేలు, అప్పుడే రాంగ్ రూట్ అవసరం పోతుంది. రహదారికీ దానికీ మధ్య రాయి కట్టో రెయిలింగో ఉండాలి. ఎక్కడపడితే అక్కడ కలిసే వీలు ఉంటే సర్వీసు రోడ్డు వేసిన ఫలితం దక్కదు. ఊళ్ల నుంచి వచ్చే దారులు, పెట్రోలు బంకులు, వెంచర్ల కమాన్లు అన్నీ సర్వీసు రోడ్డులోనే కలవాలి. అది మెల్లగా పక్కకు కలిసే లేన్లతో కొన్ని చోట్ల మాత్రమే రహదారిలో కలవాలి.

స్థలం లేదంటారు. ఊరి వెలుపలి రాష్ట్ర రహదారికి మధ్య గీత నుంచి 40 మీటర్ల లోపు కట్టడం ఉండరాదని, 75 మీటర్ల దాకా కట్టడాల మీద నియంత్రణ ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణం ఎప్పటి నుంచో చెబుతోంది. ఊళ్ల నడుమ అది ఇప్పుడు సాధ్యం కాదు, నిజమే. ములుగు దాటాక గౌరారం, ప్రజ్ఞాపూర్ దాకా ఇంకా పొలాలు మిగిలి ఉన్నాయి. అక్కడ లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడే సర్వీసు రోడ్డు పట్టీని గిఫ్ట్ డీడ్‌తో రాయించుకోవాలి, రహదారి మీదకు నేరుగా దారి ఉండదని అనుమతి పత్రంలోనే రాయాలి. పొలంగా ఉన్నప్పుడు ఉచితంగా వచ్చే స్థలానికి ప్లాట్లు అమ్ముడుపోయాక భూసేకరణ చట్టం కింద పరిహారం కట్టాల్సి వస్తుంది. ప్రాంతీయ రింగు రోడ్డు ఉత్తర భాగం గజ్వేల్ మీదుగా రానుంది, కాబట్టి ఆ పొలాలు ఎన్నాళ్లో పొలాలుగా ఉండవు.

ఒంటిమామిడి కూరగాయల మార్కెట్ సంగతి విడిగా చెప్పాలి. తెల్లవారకముందే చుట్టుపక్కల రైతులు ట్రాలీ ఆటోల్లో, డీసీఎంలలో టమాటా, బెండ, ఆకుకూరలు తెస్తారు. నగరం నుంచి కొనేవాళ్లు వస్తారు. లోపల జాగా నిండగానే బండ్లు బెర్ము మీద, ఆ తర్వాత ఎడమ లేనులో నిలుస్తాయి. సరుకు ఎక్కించే మనుషులు బండికీ రోడ్డుకూ మధ్య వీపు తిప్పి నిలబడతారు, మసక వెలుతురులో. లోనికి వచ్చే దారి ఒకటి, బయటకు పోయే దారి ఇంకొకటి చేసి, రెండూ సర్వీసు రోడ్డు మీద పెట్టాలి. తూకం, గేటు రశీదు రోడ్డు అంచున కాకుండా కనీసం పది బండ్లు వరుస కట్టేంత లోపలికి జరపాలి. గేటు దగ్గర ఒక్కో బండికి పట్టే రెండు నిమిషాల ఆలస్యమే బయట వరుసగా పేరుకుంటుంది.

బస్సులది ఇంకో తీరు. షెల్టరు కట్టి, ముందు కాస్త మట్టి పోసి బస్ బే (బస్సు పక్కకు దిగి ఆగే జాగా) అంటున్నారు. లోతు మూడు మీటర్లు కూడా లేని, మలుపు బిగుసుగా ఉన్న బేలోకి డ్రైవరు దిగడు, దిగితే మళ్లీ ఎక్కలేడు. బస్సు నిలిచే 15 మీటర్లకు రెండు కొసలా 25 నుంచి 35 మీటర్ల పొడవున మెల్లగా పక్కకు మళ్లే జాగా ఇస్తేనే అది వాడకంలోకి వస్తుంది. చౌరస్తాకు ముందు కాకుండా దాటాక, 75 మీటర్ల ఆవల పెట్టాలి. ముందు పెడితే ఆగిన బస్సు చాటున పక్క దారి నుంచి వచ్చే బండి కనబడదు. ఆటోలకు విడిగా జాగా చూపించకపోతే బస్ బే ఆటో స్టాండ్ అవుతుంది. ఇది అన్ని చోట్లా జరుగుతున్నదే.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక్క మాట. ప్రమాదం జరిగిన మర్నాడు ధర్నా, సాయంత్రానికి తారు ముద్ద. ఐఆర్‌సీ కొలత ప్రకారం హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల మీద దాటడానికి పనికొచ్చేది అది. రహదారి మీద అదాటున వచ్చే అడుగు వెడల్పు ముద్ద బైకు వాడిని ఎగరేస్తుంది, అంబులెన్సులో రోగిని చంపుతుంది. హంప్ వేయాల్సింది రహదారిలో కలిసే ఊరి దారి మీద, కలిసే చోటుకు కొంచెం ముందు.

వర్షాకాలంలో ఈ రోడ్డు చెడేది నీటి వల్ల. రెండున్నర శాతం వాలుతో వేసిన రోడ్డు ఎనిమిదిన్నర మీటర్లలో 21 సెంటీమీటర్లు దిగాలి. పాత పొర తీయకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోతే ఒక్కోసారి 40 మిల్లీమీటర్ల చొప్పున రోడ్డు లేస్తుంది. పక్కనున్న బెర్ము మాత్రం అక్కడే ఉంటుంది, ఇళ్ల గడపలు కిందికి పోతాయి, డివైడర్ రాయి ఎత్తు కరిగిపోతుంది. అందుకే మిల్లింగ్ చేసి, అంటే పాత పొరను యంత్రంతో గీకి, తీసినంత మందమే వేయాలి. మలుపుల దగ్గర రోడ్డంతా ఒకే వైపుకు వాలుతుంది కాబట్టి ఒక సగం నీళ్లు డివైడర్ వైపుకు చేరతాయి. వాటిని అవతలికి పంపే గొట్టాలు డివైడర్‌లో మొక్కల కోసం పోసిన మట్టితో పూడిపోతున్నాయి. మట్టి ఎప్పుడూ రాయి అంచుకంటే అయిదు సెంటీమీటర్లు కిందే ఉండాలి. అంచుదాకా నింపితే తొలి వానకే బురద కుడి లేనులోకి దిగుతుంది. జూన్‌కు ముందు ఒక్కో గొట్టంలోనూ నీళ్లు పోసి చూడటం ఒక ముఠాకు కొద్ది రోజుల పని.

గుంతల పూడికలోనూ అదే తంతు. నీళ్లున్న గుంతలో కంకర పొడి కుమ్మరించి పోతున్నారు, రెండు రోజుల్లో అది లేచిపోయి బైకుల చక్రాల కింద జారుతోంది. గుంత చుట్టూ గట్టి తారు తగిలేదాకా చతురస్రంగా, అంచులు నిటారుగా కోయాలి. వదులు కంకర తీసేసి, ఊడ్చి, ఆరనిచ్చి, అడుగుకూ అంచులకూ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన పలుచని తారు) పూయాలి. చదరపు మీటరుకు పావు కిలో చాలు, ఎక్కువైతే మిక్స్ జారుతుంది. మిక్స్‌ను పొరలుగా వేసి ఒక్కో పొరనూ అణచాలి. వానల్లో వేడి మిక్స్ పట్టదు, బస్తాల్లో వచ్చే కోల్డ్ మిక్స్ వాడాలి.

పైవంతెన పనులు నడిచే కాలానికి కూడా ఒక వరుస ఉండాలి. ముందు పక్క కాలువలు, తర్వాత కరెంటు స్తంభాలు, నీటి పైపులు జరపడం, ఆ తర్వాత పక్కల వెడల్పు చేసి గట్టి పొర వేయడం, చివరికి స్తంభాల గోతులు. ఈ వరుస తప్పితే మధ్యలో బారికేడ్లు పెట్టగానే బండ్లన్నీ ఎప్పుడూ భారం మోయని బెర్ము మీదకు ఎక్కుతాయి, ఒక్క వానకు అది కుంగిపోతుంది. తూముకుంట, హకీంపేట వైపు పనులున్నన్నాళ్లూ ఒక్కో దిశకు రెండు లేన్లు తగ్గకూడదని, బారికేడ్ల మీద మెరిసే పట్టీలు, రాత్రి మిణుకు లైట్లు ఉండాలని ఒప్పందంలోనే రాసి, తప్పితే బిల్లులో కోత పెట్టాలి. వంతెన దిగే చోట నుంచి ఓఆర్ఆర్ ఎక్కే బండ్లు ఎడమకు, ఊరి మీదుగా ముందుకు పోయేవి కుడికి మళ్లుతాయి. ఆ అల్లికకు, అంటే బండ్లు అటూ ఇటూ లేన్లు మారడానికి, చాలినంత పొడవు ఇవ్వకుండా దిగగానే జంక్షన్ పెడితే పాత అల్వాల్ రద్దీ శామీర్‌పేటకు మారుతుందంతే.

ఆఖరుగా పోలీసు రికార్డుల విషయం. జాతీయ రహదారులకు బ్లాక్‌స్పాట్ (ప్రమాదాలు పదే పదే జరిగే చోటు) లెక్క ఇలా ఉంది: సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలున్న ప్రమాదాలు అయిదు, లేదా మరణాలు పది. ఇదే లెక్కను ఈ రహదారికీ వేయాలంటే ప్రతి ఎఫ్ఐఆర్‌లో కిలోమీటరు రాయి, పక్క మీటర్ల గుర్తు, హైదరాబాద్ వైపా కరీంనగర్ వైపా అన్నది ఉండాలి. 'శామీర్‌పేట శివారులో' అని రాస్తే ఒకే యూటర్న్ దగ్గర జరిగిన అయిదు ప్రమాదాలు అయిదు వేర్వేరు చోట్లుగా మిగిలిపోతాయి. తుర్కపల్లి దాటితే జిల్లా మారి సిద్దిపేట వస్తుంది, కాబట్టి రెండు జిల్లాల జాబితాలూ ఒకే పటం మీద పెట్టాలి. రోడ్డు నమూనా, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు తప్పి ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఏ సెక్షన్ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. దాన్ని వాడాలన్నా ముందు ఆ చోటు కాగితం మీద కచ్చితంగా ఉండాలి. మెదక్ దారి, సాగర్ దారి వెంట పెరుగుతున్న శివార్లకూ ఇవే కొలతలు పనికొస్తాయి కనుక, రోడ్లు భవనాల శాఖ శామీర్‌పేట నుంచి ప్రజ్ఞాపూర్ దాకా ఉన్న ప్రతి డివైడర్ కటింగ్‌నూ, ప్రతి కల్వర్టునూ కొలిచి, ఆ జాబితాను వచ్చే వానాకాలం లోపు ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాం.

భవదీయులు,
రోడ్డు పనుల్లో పనిచేసి విరమించిన ఇంజినీర్లు,
శామీర్‌పేట, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా